చెట్టు నీడలో అడవి నేల మొక్కలు పెంచడం ఎలా

చెట్టు కింద ఏ మొక్కా బతకదని చాలామంది ఆ నేలను వదిలేస్తారు. కొందరు ఎండ మొక్కలు తెచ్చి నాటుతారు. అవి పూయకుండా సన్నగా సాగి ఒక్కొక్కటే పోతుంటే చెట్టు కొమ్మలు కొట్టించడానికి సిద్ధపడతారు. రెండూ అక్కర్లేదు. అడవిలో చెట్ల కింద నేల ఖాళీగా ఉండదు. ఫెర్నులు, పసుపు జాతి దుంప మొక్కలు, లిల్లీలు, బెగోనియాలు ఏటేటా అవే కుదుళ్ల నుంచి లేచి, పెరిగి, పూసి, మళ్లీ నేలలోకి వెళ్లిపోతాయి. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలిచే ఇలాంటి బహువార్షిక మొక్కలే నీడ తోటకు ఆధారం.

నా పెరట్లో సగానికి పైగా నీడే. పెద్ద మామిడి ఒకటి, దానికి కాస్త ఎడంగా వేప, ఇంటికి ఉత్తరం వైపు గోడ. మూడు చోట్లా మూడు రకాల నీడ. వాటి కింద పెంచుతూ తెలుసుకున్నదాంట్లో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది: మొక్కను ఎంచుకునే ముందు చెట్టు తీరు తెలుసుకోండి. అది వెలుగును ఎప్పుడు, ఎంత వదులుతుంది, నీళ్లు ఎంత తాగుతుంది, ఆకు ఎప్పుడు రాలుస్తుంది. ఈ మూడూ తెలిస్తే ఏ మొక్క ఎక్కడ అన్నది చాలావరకు తేలిపోతుంది.

నీడ ఎంత చిక్కనిది?

ఇంట్లో ఉండే రోజు చూసుకుని పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి ఆ చోటికి వెళ్లండి. నేల మీద తెల్ల కాగితం పరిచి, దానికి 30 సెంటీమీటర్ల పైన అరచేయి చాపండి. వేళ్ల అంచులు స్పష్టంగా పడితే అక్కడ వెలుగు బాగా ఉన్నట్టు. చేయి అని తెలుస్తూనే అంచులు చెదిరితే మధ్యస్థపు నీడ. అడవి నేల మొక్కల్లో చాలావాటికి ఇష్టమైన చోటు ఇదే. నీడ పడిందో లేదో తెలియకపోతే చిక్కటి నీడ. మూడు వేళల్లో చూసింది చిన్న పటం గీసి రాసుకోండి.

ఆరు నెలల తర్వాత ఇదే పని మళ్లీ చేయాలి. ఎండ దారి కాలంతో మారుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు గోడ పక్కన ఏడాదిలో చాలా కాలం నీడే ఉంటుంది. కానీ జూన్ ప్రాంతంలో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి ఉదయించి, వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం అక్కడ ఎండ నేరుగా పడుతుంది. చలికాలంలో ఒక్కసారి చూసి అక్కడ పలుచని ఆకుల మొక్క నాటితే జూన్‌లో దాని ఆకుల అంచులు మాడిపోతాయి.

వేప లాంటి చిన్న ఆకుల చెట్టు కింద నిలబడితే నేల మీద గుండ్రటి వెలుగు చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా చుక్కలు గుండ్రంగానే ఉంటాయి. ఒక్కో సందూ సూదిబెజ్జపు కెమెరా పని చేసి సూర్యబింబాన్నే కింద వేస్తుంది. పాక్షిక సూర్యగ్రహణం నాడు చూడండి, చుక్కలన్నీ నెలవంకలవుతాయి. మొక్కలకు ఈ చుక్కలే ప్రాణం. దట్టమైన వానాడవుల్లో పైన పడే వెలుగులో నూటికి ఒకటి రెండు వంతులే నేల దాకా వస్తుంది. అక్కడి మొక్కలు రోజంతటికీ కావాల్సిన వెలుగులో పెద్ద భాగాన్ని ఇలా వచ్చిపోయే చుక్కల నుంచే పట్టుకుంటాయి. కాబట్టి చెట్టు కింద మరీ చీకటిగా అనిపించినా పెద్ద కొమ్మల జోలికి వెళ్లకండి. లోపల ఎండిపోయిన పుల్లలు, అడుగున వేలాడే సన్న కొమ్మలు కొన్ని తీసేస్తే చాలు. నేల మీద చుక్కలు పెరుగుతాయి.

ఇక ఆకు రాలే కాలం. చలి దేశాల్లో ఓక్ వంటి చెట్లు శీతాకాలమంతా బోసిగా ఉంటాయి. వసంతం మొదట్లో, కొత్త ఆకు రాకముందు నేలకు నిండుగా ఎండ దక్కేది కొద్ది వారాలే. ట్రిలియం, బ్లడ్‌రూట్ లాంటి మొక్కలు ఆ వారాల్లోనే లేచి పూస్తాయి. వెచ్చని నేలల్లో లెక్క వేరు. అక్కడ మొక్కను ఆపేది చలి కాదు, తడి లేకపోవడం. ఎండాకాలంలో నేలలో నిద్రపోయిన దుంప, వాన పడగానే చిగురు వేస్తుంది. మీ చెట్టు ఎప్పుడు బోసిపోతుందో, మీ నేల ఏ నెలల్లో తడిగా ఉంటుందో ఒక ఏడాది రాసి పెట్టుకుంటే మొక్కల ఎంపికలో అంతకంటే మంచి సలహా ఇంకెవరూ ఇవ్వలేరు.

ఆకులు ఊడ్చకండి

నీడ తోటకు నేల సిద్ధం చేయడమంటే బండ్ల కొద్దీ మట్టి తోలించడం కాదు. చెట్టు తన నేలను తానే ఏటా తయారు చేసుకుంటోంది. మనం చేయాల్సిందల్లా చీపురు పక్కన పెట్టడం. రాలిన ఆకును చెత్త అనుకుని తగలబెట్టే అలవాటు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ మంటలో పోయేది ఆ చెట్టు కింద బతకాల్సిన ప్రతి మొక్క తిండి.

కొన్నేళ్లుగా ఊడ్చకుండా వదిలిన చోట మోకాళ్ల మీద కూర్చుని పొరలు పొరలుగా చేత్తో తీసి చూడండి. పైన గలగలలాడే ఎండుటాకు. దాని కింద తడిసి ఒకదానికొకటి అంటుకున్న ఆకులు. వాటిలో కొన్నింటికి మెత్తని భాగమంతా పోయి ఈనెల అల్లిక మాత్రం మిగిలి ఉంటుంది. ఆ అల్లిక మీదుగా తెల్లటి సన్నని పోగులు పాకి ఉంటాయి. అది శిలీంధ్రం. ఆకులోని గట్టి పదార్థమైన లిగ్నిన్‌ను విడగొట్టే పని ప్రధానంగా శిలీంధ్రాలదే. ఇంకా కిందకు వెళితే నల్లగా, పొడిపొడిగా రాలే పొర తగులుతుంది. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాసన. అది జియోస్మిన్ అనే పదార్థం వాసన. నేలలోని స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. అడవి నేల మొక్కల పీచువేర్లు ఎక్కువగా అల్లుకునేది ఈ మూడో పొరలోనే. అది వేలెడు మందాన ఏర్పడిందంటే సగం పని అయినట్టే.

అన్ని ఆకులూ ఒకే వేగంతో కుళ్లవు. వేపాకు చిన్నది, త్వరగా కలిసిపోతుంది. మామిడాకు దళసరి. పైగా నున్నగా ఉంటుంది. విప్పారిన పెద్ద ఆకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే చినుకులు నేలలోకి దిగకుండా పక్కకు జారిపోతాయి. అలాంటి ఆకును బాగా ఎండినప్పుడు గోనెసంచిలో వేసి కాళ్లతో తొక్కండి. ముక్కలైన ఆకు నీటిని దిగనిస్తుంది, తొందరగా కుళ్లుతుంది. దాన్ని 5 సెంటీమీటర్ల మందాన మొక్కల మధ్య పరవండి. మొక్క మొదట్లో చిగురు లేచే చోటును, చెట్టు మాను చుట్టూ జానెడు మేరను ఖాళీగా వదలండి. మానుకు ఆనుకుని తడి ఆకు పోగుపడితే బెరడు కుళ్లుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారి నేలలో ఆ నల్లటి పొర ఉండదు. దాన్ని విడిగా తయారు చేసుకోవచ్చు. మీటరు వెడల్పున ఇనుప వల గుండ్రంగా చుట్టి నీడలో నిలబెట్టండి. ఆకును దొంతరలుగా వేస్తూ, ప్రతి దొంతరా తడుపుతూ, కాలితో అదమండి. పేడ, ఎరువులు ఏమీ కలపనక్కర్లేదు. ఇది వేడెక్కి కుళ్లే కంపోస్టు కాదు. శిలీంధ్రాలు చల్లగా, నెమ్మదిగా చేసే పని. లోపలి ఆకు ఎప్పుడూ పిండిన బట్టంత తడిగా ఉంటే చాలు. ఎండాకాలంలో పైన గోనెపట్టా కప్పి అప్పుడప్పుడు తడపండి. చలి ప్రాంతాల్లో ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. వెచ్చని చోట మెత్తని ఆకైతే అంతకన్నా ముందే అవుతుంది. చేత్తో నలిపితే ఆకు ఆకారం తెలియకుండా పొడైతే ఎరువు తయారైనట్టే. ఇందులో పోషకాలు తక్కువే. కానీ నీటిని పట్టి ఉంచడంలో, నేలను గుల్లగా ఉంచడంలో దీనికి సాటి లేదు. జల్లెడ పట్టిన మెత్తటి ఆకు ఎరువును నేను ఫెర్నుల కోసమే దాచుకుంటాను.

పాముల భయం గురించి అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. అది న్యాయమైన భయమే. గుమ్మం దగ్గర, పిల్లలు ఆడుకునే చోట, నడిచే దారిలో ఆకు ఉంచకండి. మొక్కల మడిలో కూడా పలుచగానే పరవండి. రాళ్లు, కట్టెల పోగులు పక్కన పెట్టకండి. చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. రాత్రిపూట టార్చి, కాళ్లకు బూట్లు తప్పనిసరి.

వేర్ల మధ్య నాటడం

చెట్టుకు ఆహారం, నీరు అందించే సన్నవేర్లలో ఎక్కువ భాగం పైన ఉన్న 30 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల చాపును దాటి చాలా దూరం పోతాయి. కాబట్టి చెట్టు కింద పారతో మడి మొత్తం తిరగతవ్వడం చెట్టుకు చేటు. పైన కొత్త మట్టి మందంగా పోయడం కూడా అంతే. వేర్లకు గాలి అందక, ఒకటి రెండేళ్ల తర్వాత పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. ఏడాదికి 5 సెంటీమీటర్లకు మించి ఏమీ పోయకండి. అది కూడా మట్టి కాకుండా ఆకు ఎరువు అయితే మేలు.

నాటడానికి చేతిపార చాలు. మానుకు ఒక మీటరు దూరం వదిలి మొదలుపెట్టండి. గుచ్చి చూడండి. బొటనవేలి మందం వేరు తగిలితే దాన్ని కోయకుండా జానెడు పక్కకు జరగండి. సన్న పీచువేర్లు తెగినా చెట్టు మళ్లీ వేసుకుంటుంది. ఇలా వేర్ల సందుల్లో దొరికిన గుంటల్లోనే నాటాలి కాబట్టి వరుసలు కుదరవు. అడవిలోనూ వరుసలు ఉండవు. అదే అందం.

పెద్ద మొక్క కొంటే త్వరగా నిండుతుందని అనిపిస్తుంది. చెట్టు కింద అది నిజం కాదు. పెద్ద వేరుముద్దకు పెద్ద గుంట కావాలి, అంటే చెట్టు వేర్లు కోయాలి. 8 నుంచి 10 సెంటీమీటర్ల కుండీలోని చిన్న మొక్క చిన్న సందులో ఇమిడి, కొత్త వేర్లు చుట్టుపక్కలకు తొందరగా పంపుతుంది. రెండు మూడేళ్లకు పెద్ద మొక్కను దాటిపోతుంది కూడా. నాటే ముందు కుండీని నీటిలో ముంచి బుడగలు ఆగేవరకు ఉంచండి. నర్సరీ మొక్కల వేర్ల చుట్టూ తరచుగా కొబ్బరి పొట్టే ఉంటుంది. అది ఎండితే తిరిగి తడవడం కష్టం. దాన్ని సగం వరకు మెల్లగా దులిపి, వేర్లు మీ నేలను తాకేలా పెట్టి, ఆకు ఎరువుతో గుంట నింపండి. కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి.

వెచ్చని ప్రాంతాల్లో వానలు మొదలైన వెంటనే, చలి ప్రాంతాల్లో శరత్తులో లేదా వసంతం మొదట్లో నాటండి. నేలలో నీరు నిలుస్తుందేమోనన్న అనుమానం ఉంటే ముందే ఒక గుంటలో నీళ్లు నింపి చూడండి. ఒకసారి ఇంకిపోయాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటే అక్కడ దుంప మొక్కలు పెట్టకండి, కుళ్లిపోతాయి.

ఏ నీడకు ఏ మొక్క

ముందు వెచ్చని ప్రాంతాల సంగతి. మధ్యస్థపు నీడలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కెంఫేరియా. పసుపు, అల్లం కుటుంబానిదే. కెంఫేరియా రోటుండా ఎండాకాలంలో పైన ఏమీ కనిపించకుండా ఉంటుంది. వానలకు కొంచెం ముందు, ఆకు ఇంకా రాకుండానే, తెలుపు, లేత ఊదా కలిసిన సువాసన పువ్వు నేరుగా మట్టిలోంచి విచ్చుకుంటుంది. కాడ ఉన్నట్టే తెలియదు. తర్వాత నిటారుగా లేచే ఆకుల మీద వెండి రంగు చారలు, వెనకవైపు ఊదారంగు. కెంఫేరియా పుల్క్రా ఆకులు నేలకు అంటుకుని పరుచుకుంటాయి. వానాకాలమంతా లేత ఊదా పువ్వులు పూస్తుంది. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు మరొకటి. చలి ప్రాంతాల నీడ తోటల్లో ఆకుల అందం కోసం హోస్టా అనే మొక్కను పెడతారు, వెచ్చని ప్రాంతాల్లో ఆ స్థానం కెంఫేరియాది. హోస్టాకు శీతాకాలపు చలి తప్పనిసరి. చలి లేని చోట అది ఏటేటా చిన్నదైపోతుంది. ఆకు ఎంత అందంగా ఉన్నా వెచ్చని ప్రాంతంలో దానికి డబ్బు పెట్టకండి.

కెంఫేరియాల పక్కన ఫుట్‌బాల్ లిల్లీ, అంటే స్కాడాక్సస్, బాగా కుదురుతుంది. బంతి ఆకారంలో ఎర్రటి పూలగుత్తి వేస్తుంది. గడ్డ మెడ నేల మట్టానికి ఉండేలా నాటి, కదపకుండా వదిలేయండి. గడ్డలు ఇరుకైనకొద్దీ బాగా పూస్తుంది. యూకరిస్ కూడా అంతే. దాని తెల్లటి వంగిన పువ్వులకు మంచి సువాసన. కొన్ని వారాలు నీళ్లు తగ్గించి మళ్లీ పెంచితే పూతకు వస్తుంది.

చిక్కటి నీడ, పైగా పొడి నేల ఉన్న చోట ఆశలు తగ్గించుకోవాలి. అక్కడ పూల కోసం వెతకడం వృథా. ఆస్పిడిస్ట్రా పెట్టండి. మూరెడు పొడవు ముదురాకుపచ్చ ఆకులు నేలలోంచి ఒక్కొక్కటిగా లేస్తాయి. నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఒకసారి నాటుకుంటే నీళ్లు మరిచినా నిలుస్తుంది. దీనికీ పువ్వుంది. ఆకుల మొదట్లో రాలిన ఆకును వేలితో పక్కకు తోస్తే, ఊదా గోధుమ రంగులో, సగం మట్టిలో కూరుకుని కనిపిస్తుంది. జపాన్‌లో జరిగిన పరిశోధనలో దీని పరాగసంపర్కం చేసేవి నేల మీద తిరిగే సన్నటి ఫంగస్ ఈగలని తేలింది. ఆస్పిడిస్ట్రా చుట్టూ మోండో గడ్డి నాటితే నేల కప్పుకుంటుంది.

ఫెర్నులు లేకుండా నీడ తోట లేదు. కొత్తవారు నెఫ్రోలెపిస్‌తో మొదలుపెట్టండి. అది తీగలు పంపి తానే వ్యాపిస్తుంది, మరీ ఎక్కువైతే అంచుల్లో పీకేయాలి. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ సున్నితమైనది. నల్లటి వెంట్రుకల్లాంటి కాడలు, చినుకు నిలవని చిన్న ఆకులు. ఒక్కసారి నేల పూర్తిగా ఆరితే ఆకంతా గోధుమరంగైపోతుంది. అప్పుడు పీకి పారేయకండి. మొదటికంటా కత్తిరించి, నేల తడిగా ఉంచితే చాలాసార్లు మళ్లీ వస్తుంది. కొత్త ఆకు చుట్టచుట్టుకుని లేచే రోజుల్లో ఒకసారి వంగి చూడండి. బయటి చుట్ట విప్పుకుంటుంటే, లోపల ఒక్కో చిట్టి ఆకూ మళ్లీ తనంతట తాను చుట్టుకుని ఉంటుంది. ఆ దశలో వేలు తగిలితే విరిగిపోతుంది, కలుపు తీసేటప్పుడు జాగ్రత్త.

రెక్స్ బెగోనియా, కలాథియా, కాలాడియం ఆకుల రంగు కోసం. వీటికి గాలిలో తేమ కావాలి. వడగాలి తగిలే అంచున పెట్టకుండా మడి మధ్యలో, పెద్ద ఆకుల చాటున పెట్టండి. ముదురు ఎరుపు, ఊదా ఆకులు చిక్కటి నీడలో దూరానికి కనబడవు. తెల్ల మచ్చల ఆకులు, తెల్ల పువ్వులు మునిమాపు వేళ దాకా కనిపిస్తూనే ఉంటాయి.

చలి ప్రాంతాల్లో ఉన్నవారికి ఎంపిక ఇంకా ఎక్కువ. పొడి నీడకు ఎపిమీడియం, శీతాకాలం చివర్లో పువ్వు కోసం హెలెబోరస్, మచ్చల ఆకులకు పల్మొనేరియా, వంపు తిరిగిన కాడల కింద తెల్లటి గంటలు వేలాడే సోలమన్స్ సీల్. ట్రిలియం మీద మనసు పడితే ఓపిక ఉండాలి. విత్తనం నుంచి పూతకు ఏడేళ్లు, అంతకు పైనా పట్టవచ్చు. దాని విత్తనానికి చిన్న కొవ్వు ముద్ద ఒకటి అంటి ఉంటుంది. చీమలు దాని కోసం విత్తనాన్ని పుట్టకు మోసుకెళ్లి, ముద్దను తిని విత్తనాన్ని వదిలేస్తాయి. అడవిలో అది వ్యాపించే దారి అదే. ఇంత నెమ్మదిగా పెరిగే మొక్కను అడవిలోంచి తవ్వి తెస్తే అక్కడ ఆ లోటు పూడేది ఎప్పటికో. ట్రిలియం అయినా, కొండవాగు ఒడ్డున కనిపించిన ఫెర్న్ అయినా అడవి నుంచి తేకండి. నర్సరీలో విత్తనం నుంచో, పిలక నుంచో పెంచిన మొక్కలేనా అని అడిగి మరీ కొనండి.

ఇంకో జాగ్రత్త. నేలను త్వరగా కప్పుతుందని సింగోనియం, ఇంగ్లీషు ఐవీ వంటివి నాటకండి. అవి కప్పడంతో ఆగవు. పక్క మొక్కల మీదికెక్కి, చెట్టెక్కి, కంచె దాటి వెళతాయి. అలాగే కాలాడియం, సింగోనియం, ఫిలోడెండ్రాన్ లాంటి చేమ కుటుంబపు మొక్కల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నోట్లో పెట్టుకుంటే నాలుక, గొంతు మండి వాస్తాయి. స్కాడాక్సస్ గడ్డ, హెలెబోరస్, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అన్నీ విషమే. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో వీటిని చేయి అందని లోపలి భాగంలో నాటండి. ముట్టుకునేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి.

నీళ్లు

నీడలో మొక్కకు నీళ్లు తక్కువ చాలు అనుకోవడం సగమే నిజం. ఎండ లేదు కాబట్టి ఆకు నుంచి నీరు తక్కువ పోతుంది. కానీ కింద చెట్టు వేర్లు తాగేస్తుంటాయి, పైన కొమ్మలు చినుకును ఆపేస్తుంటాయి. ఒక డబ్బా చెట్టు కింద, ఇంకోటి ఆరుబయట పెట్టి సన్నటి వాన తర్వాత రెండూ చూడండి. చెట్టు కింది డబ్బా అడుగు తడిసి ఉంటే గొప్ప. వాన పడిందని నీళ్లు మానేయకూడదని అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

రోజూ పైపైన చల్లడం కన్నా వారానికి ఒకటి రెండుసార్లు నెమ్మదిగా, 15 సెంటీమీటర్ల లోతు దాకా దిగేలా పెట్టడం మేలు. ఆకు పొర కింద డ్రిప్ గొట్టం వేస్తే ఇంకా మంచిది. ఎంత దిగిందో తెలియాలంటే అరగంట తర్వాత చేతిపారతో ఒక చోట తవ్వి చూడాల్సిందే. పొద్దున పూట పెట్టండి. సాయంత్రం తడిస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి మచ్చ తెగుళ్లు వస్తాయి, నత్తలకూ దారి సులువవుతుంది. మొదటి రెండేళ్లు ఈ శ్రద్ధ తప్పదు.

నిద్రపోయే మొక్కలు

కెంఫేరియా, కాలాడియం, కర్కుమా (పసుపు జాతి) ఆకులు ఒక రోజు పసుపుపచ్చబడి వాలిపోతాయి. చచ్చిపోయిందని పీకేస్తారు చాలామంది, లేదా నీళ్లు ఎక్కువ పోస్తారు. రెండోదే ఎక్కువ నష్టం, నిద్రలో ఉన్న దుంప తడికి కుళ్లుతుంది. ఆకు పూర్తిగా ఎండేదాకా కోయకండి. ఎండే ఆకులోని సారం దుంపలోకి దిగుతుంది. తర్వాత అక్కడ ఒక పుల్ల గుచ్చి పేరు రాయండి. ఈ పుల్ల చాలా ముఖ్యం, ఖాళీ నేల అనుకుని పార దించేవారు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఇలాంటివాటి పక్కన ఏడాదంతా ఆకు ఉండే ఫెర్న్ లేదా ఆస్పిడిస్ట్రా నాటితే మడి బోసిపోదు.

నత్తలు

నీడ తోటకు చీడలు తక్కువ, నత్తలు మాత్రం ఎక్కువ. ఉదయం లేత ఆకుకు గుండ్రటి కన్నాలు, పక్కన మెరిసే జాడ కనిపిస్తే అవే. తడి నేల మీద పాత చెక్క పలక ఒకటి పరిచి ఉంచండి, తెల్లవారేసరికి దాని కింద చేరతాయి. చీకటి పడ్డాక టార్చితో వెళ్లి ఏరడం ఇంకా మంచి దారి. ఉప్పు చల్లకండి, మట్టి పాడవుతుంది. పిండినల్లి కనిపిస్తే తడి గుడ్డతో తుడిచేయండి. మచ్చలు పడిన ఆకును కోసి మడి బయట పారేయండి.

పిలకలు విడదీయడం

నాలుగైదేళ్లకు కుదురు ఇరుకవుతుంది. నడుమ ఆకు చిన్నదై, పూత తగ్గితే విడదీసే సమయం వచ్చినట్టు. ఇరుకు కోరే స్కాడాక్సస్, యూకరిస్‌లను, కదిపితే కోలుకోవడానికి చాలా కాలం తీసుకునే హెలెబోరస్‌ను వదిలేయండి. దుంప మొక్కలను నిద్ర చివర్లో, మొలక ముక్కు కనిపించే వేళ తవ్వండి. కెంఫేరియా రోటుండా దుంప తవ్వి చూస్తే వేర్ల చివర తెల్లటి చిన్న గడ్డలు వేలాడుతుంటాయి. నీరు, ఆహారం దాచుకునేవి అవే. తొందరపడి లాగితే ఊడిపోతాయి. చుట్టూ మట్టి వదులు చేసి, కుదురు కింద చేయి పెట్టి మొత్తంగా లేపండి. నీళ్లలో కడిగితే ఎక్కడ విడిపోతుందో కనిపిస్తుంది. ఒక్కో ముక్కకు కనీసం ఒక మొలక, రెండు మూడు గడ్డలు ఉండేలా శుభ్రమైన కత్తితో కోసి, కోత ఆరడానికి ఒక రోజు నీడలో ఉంచి నాటండి.

ఆస్పిడిస్ట్రా, ఫెర్నుల కుదుళ్లను మాత్రం ఆరనివ్వకూడదు. విడదీసిన వెంటనే నాటి నీళ్లు పెట్టాలి. ఆస్పిడిస్ట్రా కొమ్ము నేలకు అడ్డంగా పాకుతుంది. ఒక్కో ముక్కకు మూడు నాలుగు ఆకులుండేలా కోయండి, ఒక్క ఆకుతో నాటితే నిండడానికి ఏళ్లు పడుతుంది. ఫెర్న్ కుదురును రెండు చేతులతో విడదీస్తే వేర్లు తక్కువ తెగుతాయి, పాత ఆకుల్లో సగం కత్తిరించి నాటండి. మొదటి నెల నేల ఆరకుండా చూడండి, కొత్త ఆకు పూర్తిగా విప్పుకునేదాకా ఎరువు ఏదీ వేయకండి.